బావగారికి పంపిన అలుపు

ఏవండీ, మిమ్మల్నే. రాత్రి దిండు మీద తల పెట్టగానే ఇల్లదిరేలా గుర్రుకొట్టి, పొద్దున్నే కాఫీ తాగుతూ "సరిగ్గా నిద్ర పట్టలేదండీ" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునే మీలాంటి వాళ్ళకి ఈ కథ చెప్పడం దండగే. అయినా చెబుతాను. ఆ గుర్రు విలువేమిటో మీకు తెలియాలంటే 2071 దాకా రావాలి మరి.

ఆ ఏటికి ఒళ్ళు వంచే పని మనిషికి ఒక్కటీ మిగల్లేదు. దుక్కి యంత్రం తనే దున్నేది. వంటగది తనే వండేది. మెట్లు మనిషిని మోసుకుంటూ పైకి తీసుకుపోయేవి. ఆఖరికి స్నానాల గదిలో వీపు రుద్దడానికి కూడా గోడలోంచి ఒక చెయ్యి వచ్చేది. సుఖం వచ్చింది, నిద్ర పోయింది. ఊళ్ళకి ఊళ్ళు తెల్లవార్లూ పైకప్పు చూస్తూ పడుకునేవి. మాత్రలు మింగారు, జోలపాటలు విన్నారు, అరికాళ్ళకి ఆముదం రాసుకున్నారు. డాక్టర్లు ఈ జబ్బుకి నిద్రకరువు అని పేరు పెట్టారు. పేరు పెట్టాక వాళ్ళకీ నిద్ర పట్టలేదు.

దీనికి విరుగుడు కనిపెట్టిన మనిషి సత్యవేణి. ముప్పై అయిదేళ్ళది. విశాఖపట్నంలోని ఒక వైద్య పరికరాల కంపెనీలో డిజైన్ ఇంజనీరు, గోదావరి మధ్య లంకలో రెండెకరాల కంద రైతు. రెండూ ఆమే. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా పలుగు, పది నుంచి ఆరు దాకా ఇంట్లో గోడతెర ముందు ఉద్యోగం. గోళ్ళ సందుల్లో మట్టితోనే మీటింగుల్లో కూర్చునేది. కంద దురదకి మోచేయి గోక్కుంటుంటే, తెర అవతలి వాళ్ళు ఏదో గట్టి ఆలోచనే చేస్తోందనుకునేవాళ్ళు.

ఆమె చేసిన పరికరం పేరు అలుపువాహిని. అది పని చేసే తీరు చెబుతాను, వినండి, కష్టమేం కాదు. కండరం శ్రమ పడినప్పుడు కొన్ని రసాయనాలు నెత్తురులోకి వదులుతుంది. అవి మెదడు దాకా పోయి "ఇక చాల్లే, పడుకో" అని కబురు చెబుతాయి. ఏ పనికి ఏ రసాయనం ఎంతన్నది ఒక లెక్క ప్రకారం ఉంటుంది. ఆ లెక్కకి సత్యవేణి శ్రమముద్ర అని పేరు పెట్టింది. కంపెనీ కాగితాల్లో మాత్రం ఫెటీగ్ సిగ్నేచర్ అని రాసుకునేవాళ్ళు. పని చేసేవాడి ముంజేతికి "ఇచ్చే కడియం" తొడిగితే, అది చర్మం గుండా శ్రమముద్రను చదువుకుని, ఆ రసాయనాలను అక్కడికక్కడే విరిచేస్తుంది. వాడి అలుపు తీరిపోతుంది. ఎంత దూరాన ఉన్నా "పుచ్చుకునే కడియం" ఆ ముద్రను అందుకుని, తనలోని సన్నటి గొట్టాల్లోంచి అవే రసాయనాలను అదే పాళ్ళలో అవతలి మనిషి ఒంట్లోకి దింపుతుంది. పావుగంటలో ఆవలింతలు, ఆ తర్వాత గుర్రు. కావాలనుకుంటే పగటి అలుపును దాచి రాత్రి పక్క వేశాక వదలొచ్చు.

మొదట్లో కంపెనీ వాళ్ళు తమ ఆఫీసు అలుపునే పంపి చూశారు. అది పుచ్చుకున్న రోగులు తమకి రాని ఉత్తరాలకి జవాబులు ఆలోచిస్తూ తెల్లవార్లూ కూర్చున్నారు. మట్టి అలుపు ఒక్కటే మందు అని అప్పుడు తేలింది.

ఆఖరి పరీక్షకి విశాఖపట్నంలో నలుగురు రోగుల్ని ఎంచారు. నలుగురికీ ఏళ్ళ తరబడి నిద్ర లేదు. వాళ్ళకి సరిపడా అలుపు కావాలంటే ఒక మనిషి రోజుకి ఆరు గంటలు తవ్వాలి. పరికరం తయారుచేసిన మనిషి తనే అలుపు ఇవ్వకూడదని నియమం. కాబట్టి సత్యవేణి ఎంత తవ్వినా లాభం లేదు. వేరే దాత కావాలి. దేశంలో పలుగు పట్టేవాడేడీ?

"నేనున్నాను గదే అమ్మడూ," అన్నాడు గంగరాజు.

గంగరాజు ఆమె మేనమామ. అరవై ఒక్కేళ్ళ మనిషి, తాటిమొద్దులా ఉంటాడు. చిన్నప్పుడు బడికి వెళ్ళిందల్లా మాస్టారి సైకిల్లో గాలి తియ్యడానికే. తన అక్క పెళ్ళిలో బావగారి పానకంలో గుప్పెడు ఉప్పు కలిపింది మొదలు, ముప్పై ఏడేళ్ళుగా ఆ బావగారిని ఏడిపించడమే ఆయన వృత్తి. ఆ బావగారు సూర్రావు, అంటే సత్యవేణి తండ్రి, లంక రైతుల నీటి సంఘానికి అధ్యక్షుడు. రోజూ పదకొండింటికి అందరి గోడతెరల మీదా కనిపించి నలభై నిమిషాలు ప్రసంగించేవాడు. అది విన్నా జనానికి నిద్ర రాలేదంటే కరువు ఎంత ముదిరిందో మీరే ఊహించుకోండి.

గంగరాజు దాత పత్రం మీద దర్జాగా సంతకం పెట్టి, కడియం తొడుక్కుని, చేలోకి మడతమంచం తెప్పించుకున్నాడు. నాలుగు రోజులు గడిచాయి. కడియంలో సున్నా. అదేమిటని సత్యవేణి అడిగితే ఆయన జంకలేదు.

"నా ఒంట్లో అలుపు లోతుగా ఉంటాదమ్మా. నీ కడియానికి అందట్లేదు."

అయిదో రోజు పొద్దున్నే విశాఖపట్నం నుంచి డాక్టర్ ఫరీదా తెర మీదకి వచ్చింది. పరీక్ష నడిపించేది ఆవిడే. మంచి మనిషే కానీ ఆవిడకీ నిద్ర లేదు, అందుకని మాట సూటిగా ఉంటుంది. పై పదకొండు రోజుల్లో రోగులు వరసగా పది రాత్రులు నిద్రపోకపోతే పరీక్ష మూసేస్తామని, సత్యవేణి లంక వదిలి అందరిలాగే విశాఖపట్నంలో కూర్చుని పనిచెయ్యాల్సి ఉంటుందని చెప్పింది. అంటే చేను వదులుకోవడమే. అటు చూస్తే కంద ఆకు పండి వాలిపోయింది. వేసవి జల్లు పడేలోపు తవ్వకపోతే దుంప మళ్ళీ మొలకేసి పీచెక్కిపోతుంది. యంత్రంతో తవ్విస్తే నాలుగింట ఒక దుంపకి గాయమవుతుంది, గాయపడ్డ కంద కుళ్ళుతుంది. రెండెకరాల్లో ఆమె ఒక్కతే తవ్వింది అరెకరం. ఉద్యోగం నిలబడాలన్నా, చేను నిలబడాలన్నా ఒక్క గంగరాజు లేవాలి.

భోజనాల దగ్గర ఈ సంగతి విని సూర్రావు కాసేపు పెరుగన్నం కలుపుతూ ఆలోచించాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"మీ మావయ్యని పని చెయ్యమంటే చెయ్యడమ్మా. నన్ను ఏడిపించమను. ఎద్దులా చేత్తాడు."

తండ్రీ కూతురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు పుట్టింది ఉపాయం.

సాయంత్రం సత్యవేణి మేనమామ చేతికున్న కడియం తీసేసుకుంది. ఆయన్ని దాతగా తప్పిస్తున్నానని, వేరే మనిషిని వెతుక్కుంటానని, ఈలోపు నాన్నకి కూడా నిద్ర సరిగా లేదు కాబట్టి ఒక పుచ్చుకునే కడియం ఆయనకి తొడిగానని చెప్పింది. ఇచ్చే కడియాన్ని చేలోని పాక గూట్లో పెడుతూ, దాన్ని మాత్రం ముట్టుకోవద్దని మరీ మరీ హెచ్చరించింది.

"ఎవరైనా అది తొడుక్కుని పగటిపూట కష్టపడ్డారో, నాన్న సమావేశం మధ్యలో పడి నిద్రపోతారు మావయ్యా. పరువు పోతుంది."

గంగరాజు కళ్ళలో వెలుగు మీరు చూడాల్సింది. ఆయన మాత్రం బుద్ధిమంతుడిలా తలూపి, పాపం బావగారని నిట్టూర్చాడు కూడా.

మర్నాడు పదకొండుకి పావుగంట ముందు గంగరాజు చేలో దిగాడు. చేతికి కడియం. గట్టు మీద చిన్న తెర, అందులో బావగారి సమావేశం. కంద మోడుకి జానెడు దూరంలో పలుగు గుచ్చి, చుట్టూ మట్టి వదులు చేసి, రెండు చేతులా కందను పైకి లాగాడు. చిన్నప్పుడు తాత నేర్పిన పనే, మర్చిపోలేదు. పదకొండు దాటాక తెర మీద సూర్రావు "కాలువ పూడికతీత విషయమై" అని మొదలుపెట్టి, ఒక ఆవలింత ఆవలించి, బల్ల మీదకి ఒరిగి గుర్రుకొట్టాడు. సంఘం సభ్యులు నోళ్ళు తెరిచారు. చేలో గంగరాజు పలుగుకి చేరబడి, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి మళ్ళీ తవ్వాడు.

అసలు సంగతి మీకు తెలిసిందే కదా. సూర్రావు చేతికి ఉన్నది ఉత్త కడియం. అందులో గొట్టాలూ లేవు, రసాయనమూ లేదు. ఆయన బల్ల కింద ఇంకో చిన్న తెర ఉంది, అందులో చేను కనిపిస్తుంది. బావమరిది పలుగెత్తితే పావుగంట చూసి కళ్ళు మూసుకోవడం, రెప్పల సందునుంచి కనిపెడుతూ పలుగు దింపితే తెరవడం, ఇదీ ఆయన వంతు పని. గంగరాజు అలుపు మాత్రం చుక్క పోకుండా విశాఖపట్నం చేరి, చీకటి పడ్డాక ఆ నలుగురి ఒంట్లోకి దిగేది. మొదటి రాత్రే నలుగురూ నిద్రపోయారు. అందులో ఒకాయన పొద్దున లేచి, తన నడుం నొప్పి ఎంత బాగుందో చెప్పుకుని ఏడ్చాడట.

ఇక గంగరాజును ఆపేవాడెవడు? తవ్విన అలుపు తవ్వినట్టే కడియం లాగేస్తుంటే ఆయనకి విసుగూ లేదు, ఆయాసమూ లేదు. పొద్దున సంఘం సమావేశానికి తవ్వాడు. మధ్యాహ్నం కాలువల కమిటీకి తవ్వాడు. సాయంత్రం సూర్రావు తెర మీద పేకాటకి కూర్చుంటే, మంచి ముక్కలు పడినట్టు ఆయన మొహంలో కనబడగానే తవ్వాడు. తవ్వడం మొదలెట్టిన తొమ్మిదో రోజు సంఘం విందు. తెర మీద కోడిపలావు, పనసపొట్టు కూర, వేడి గారెలు కనిపించాయి. గంగరాజు వడ్డనకి సరిగ్గా పావుగంట ముందు పలుగెత్తాడు. సూర్రావు గారె తుంచి, దాన్ని అలాగే పట్టుకుని, కంచం పక్కన తల వాల్చాడు. అందరూ తిని లేచి చేతులు కడుక్కునేదాకా గంగరాజు పలుగు దింపలేదు.

కూతురి కోసమని సూర్రావు అన్నీ ఓర్చుకున్నాడు. ఆయన నిద్రలో ఉండగా సభ్యులు అధ్యక్షుడి ప్రసంగం అయిదు నిమిషాలకి మించరాదని తీర్మానం చేస్తే, చెవులారా వింటూ గుర్రుకొట్టాడు.

పదో రోజు సాయంత్రానికి చేలో ఒక్క దుంప మిగల్లేదు. మర్నాడు పొద్దున డాక్టర్ ఫరీదా తెర మీదకి వచ్చింది. నలుగురికి నలుగురూ పది రాత్రులు నిద్రపోయారని, పరీక్ష నెగ్గిందని, ఇంత మంచి మట్టి అలుపు దొరికే చోటు వదిలి సత్యవేణి ఎక్కడికీ రానక్కర్లేదని, లంకలోనే ఉండి పని చేసుకోమని చెప్పింది. ఒక్క అనుమానం మాత్రం ఆవిడకి మిగిలిపోయింది.

"అయిదు రోజులు సున్నా, తర్వాత పది రోజులు ఇంత శ్రమ. దాతకి ఏం చెప్పి పని చేయించారు? నివేదికలో కారణం రాయాలి."

సత్యవేణి ఆ గడిలో "బావగారు" అని రాసి పంపేసింది.

ఇక దాచేదేముంది? సూర్రావు బావమరిదిని అరుగు మీద కూర్చోబెట్టి, ఉత్త కడియం తీసి ఆయన ఒళ్ళోకి విసిరి, జరిగిందంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో నవ్వాపుకోలేక రెండుసార్లు దగ్గాడు. ముప్పై ఏడేళ్ళ తర్వాత ఎదురుదెబ్బ కొట్టిన ఆనందం అది. ఎకరంన్నర తవ్వించానురా గంగరాజూ, ఒక్క గారె తినలేదన్న మాటే గానీ, అన్నాడు.

గంగరాజు కడియాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మీసం కింద ఏ మార్పూ లేదు.

"నాకు మొదటిరోజే తెలుసు బావగారండి," అన్నాడు.

సూర్రావు నమ్మలేదు. ఓడిపోయినవాడు ఎవడైనా అదే అంటాడన్నాడు.

"నువ్వు నిజంగా నిద్దరోతే గుర్రు పెట్టవు, పళ్ళు కొరుకుతావు. మా అక్క ముప్పై ఏడేళ్ళనించీ చెబుతానే ఉంది. అయినా ఎందుకైనా మంచిదని ఏడోరోజు కడియం తీసి అరటిచెట్టుకి తగిలించి తవ్వాను. చెట్టుకి అలుపు లేదు గానీ, నువ్వు మాత్రం పావుగంటకల్లా పడిపోయావు."

సత్యవేణి గబగబా లోపలికి వెళ్ళి కడియం లెక్కలు తెరిచింది. ఏడో రోజు, పదకొండింటికి, అరగంట సున్నా.

సూర్రావు నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. తెలిసీ ఎందుకు తవ్వావురా అని అడిగాడు, ఈసారి చాలా మెల్లిగా.

"నేను పలుగు దింపితే నువ్వు కళ్ళు తెరిచేత్తావు గదా, అందుకు. అలుపు అమ్మాయి యంత్రం పంపింది, ఆ నలుగురూ పడుకున్నారు. నిన్ను మటుకు పది రోజులు ఏ యంత్రం లేకుండా నేనే పడుకోబెట్టాను."

లేచి తుండు దులుపుకుని, గారెలు వండి పెట్టమని అక్కని కేకేస్తూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఏవండీ, ఇందాకటి దాకా గంగరాజును చూసి సూర్రావుతో కలిసి తెగ నవ్వారు కదా. ఆపేశారేం?