బ్రిగేడియర్ అరుణ కూతురు

"ఆమెనెవరు రమ్మన్నారు?" తొమ్మిది రోజుల పసిగుడ్డును గుండెకు హత్తుకుని భారతి అరిచింది. హిందూపురంలోని ఆ చిన్న ఇంటి గడప దగ్గర, ట్రంకుపెట్టెతో నిలబడ్డ అరుణ చెప్పులు విప్పబోయి ఆగిపోయింది...

"నేనే పిలిచినా భారతీ!" అన్నాడు భర్త ఇమ్మానుయేలు. "కాన్పయినాక తల్లి తోడు లేకుంటే ఎట్ల?"

"ఇరవైతొమ్మిదేండ్లు ఆ తోడు లేకుండానే బతికినా గదా!"

భర్త సాల్మన్ పోయాక, అరుణ పెనుకొండలో నర్సు ఉద్యోగం వదిలి, ఏడాది పిల్ల భారతిని ధర్మవరంలో తన తల్లి హనుమక్క చేతుల్లో పెట్టి సైన్యంలో నర్సుగా చేరింది. కార్గిల్ యుద్ధంలో గాయపడ్డవాళ్లకు సేవ చేసింది. చివరికి బ్రిగేడియరై, వందలమంది నర్సులకు నాయకురాలైంది. ఆ చుట్టుపక్కల అంత ఎత్తుకెదిగిన మొదటి ఆడబిడ్డ ఆమే! పత్రికలో ఫొటో పడితే అవ్వ మురిసిపోయేది. భారతి మాత్రం ఆ ఫొటోను వేలితో తడుముతూ, ఈ చేతులు నాకు జడ ఎప్పుడు వేస్తాయో అని ఎదురుచూసేది... ఎన్ని సెలవులు! ఎన్ని రద్దయిన ప్రయాణాలు! రెండేళ్ల క్రితం అవ్వ కూడా పోయింది.

ఆ సాయంత్రం భారతి ఇక ఆపుకోలేకపోయింది. "నాకు నాలుగేండ్లప్పుడు తట్టు పోసె. అమ్మ యాడ, అమ్మ యాడ అని ఏడిస్తిని. వస్తానని జాబు రాస్తివి. ఎందుకు రాలేదమ్మా?"

అరుణ వచ్చి కూతురి పక్కన కూర్చుంది. "సెలవు దొరికింది. బస్సు కూడా ఎక్కినా. ఎదురుగా గాయపడినోళ్లను ఏసుకొని లారీలు వస్తాండాయి... దిగి ఎనక్కి పోతిని. ఒక జవాను నా చెయ్యి పట్టుకొని వదల్లేదు."

"బతికినాడా?"

"లేదు... నీకు అన్యాయం చేసినా తల్లీ! కానీ ఆ రోజు మళ్లా వచ్చినా బస్సు దిగుతా. దిగనని చెప్తే అబద్ధమైతాది."

ఇన్నేళ్లూ క్షమాపణ కోసం కాచుకున్న భారతికి, ఆ మాట ఎందుకో క్షమాపణకన్నా దగ్గరగా తగిలింది. వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు పొద్దున ఆమే నోరు విప్పింది. "పాపను కాళ్లమీద ఏసుకొని నీళ్లు పోయల్ల. నాకు రాదు. నువ్వు పోస్తావా?"

అరుణ తల దించుకుంది. "నాకూ రాదు భారతీ... నీకు మీ అవ్వే పోసె. నేను డ్యూటీకి పోతాంటి."

భారతి ఒక్క క్షణం తల్లినే చూసి, స్నానాలగదిలో పీట వాల్చింది. అరుణ చీర ఎగదోపుకొని కాళ్లు చాపి కూర్చుంది. పాపను వాటిమీద పడుకోబెడుతుంటే, ఎందరి గాయాలకో కట్టుకట్టిన ఆ చేతులకు పాపను ఎలా పట్టుకోవాలో తెలియలేదు!

"మెడ పట్టుకోమ్మా, జారుతాది!" అంటూ భారతి గోరువెచ్చని నీళ్లు చెంబుతో మెల్లగా వంపింది.