రెండో నంబరు

ఖరగ్‌పూర్ గోల్‌బజారులో మాది ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మే చిన్న షాపు. దానికి టోల్‌ఫ్రీ నంబరు తీసుకుందామన్నది నా భార్య స్వర్ణకుమారే. "బోర్డు మీద 1800 నంబరుంటే మనదీ పెద్ద కంపెనీ అనుకుంటారండీ," అని నవ్వింది.

నంబరు పెట్టించింది వినోద్. అలాంటి నంబర్లు అమ్మే కంపెనీకి ఏజెంటు. మా ఇద్దరినీ కూర్చోబెట్టి అంతా వివరంగా చెప్పాడు.

"ఈ నంబరుతో ఎక్కడా ఫోను ఉండదన్నా. కస్టమరు దీనికి చేస్తే, మా మిషను మీ లిస్టు చూస్తాది. ముందు మొదటి నంబరు మోగిస్తాది. ఇరవై సెకన్లలో ఎత్తకపోతే రెండోదానికి పంపిస్తాది. చేసినోళ్ళకి పైసా పడదు, ఆ ఖర్చు మీది. వాళ్ళ ఫోన్లో బాలెన్సు లేకపోయినా కాల్ వస్తాది. ఎత్తిన ప్రతి కాలూ రికార్డయిపోతాది."

మొదటి నంబరు నాది. రెండోది స్వర్ణది. నాకు తీరిక లేనప్పుడు ఇంటి దగ్గర ఆమె ఎత్తేది. ట్రాఫిక్ కాలనీ పక్క సందులో మా అద్దె ఇల్లు. పోపు వేస్తూనే, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, తెలుగువాళ్ళతో తెలుగు, బెంగాలీవాళ్ళతో బెంగాలీ మాట్లాడేది. నన్ను చూసి వచ్చే కస్టమర్ల కంటే ఆమె మాట విని వచ్చేవాళ్ళే ఎక్కువ.

పోయిన శ్రావణంలో ఒక మధ్యాహ్నం, వానలో లారీ నుంచి సరుకు దింపిస్తున్నాను. జేబులో ఫోను మోగింది. టోల్‌ఫ్రీ కాల్ అయితే చేసినవాళ్ళ నంబరు నాకు కనపడదు, మా 1800 నంబరే కనపడుతుంది. చూశాను. చేతుల నిండా మురికి. 'స్వర్ణ ఎత్తుతుందిలే' అనుకున్నాను. మళ్ళీ మోగింది. ఇంకోసారి కూడా.

సాయంత్రం ఇంటికి వెళ్తే తలుపు లోపల గడియ వేసి ఉంది. ఎంత పిలిచినా పలకలేదు. పక్కింటివాళ్ళతో కలిసి విరగ్గొట్టాను. పప్పు మాడిన వాసన ఇల్లంతా నిండిపోయింది. స్వర్ణ వంటింటి గడప దగ్గర పడి ఉంది. చిన్నప్పటి నుంచీ ఉన్న ఆయాసమే. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

కర్మకాండ అయ్యాక వినోద్ దగ్గరికి వెళ్ళి ఆ రోజు కాల్స్ చూపించమన్నాను. "వద్దన్నా," అన్నాడు. పట్టుబట్టాను.

ఆ మూడూ స్వర్ణ ఫోను నుంచి వచ్చినవే.

ఆమె రీచార్జి ముందురోజే అయిపోయింది. చేయించమని చెప్పింది, నేను మర్చిపోయాను. అందుకే, ఊరికే వెళ్ళే నంబరు కదా అని షాపు నంబరుకి చేసింది. మొదటి నంబరు... ఎత్తలేదు. మిషను రెండో నంబరుకి పంపింది. రెండో నంబరు ఆమె చేతిలో ఉన్న ఫోనే. బిజీ. మూడుసార్లూ అంతే.

"వదిన నంబరు తీసీమంటారా అన్నా?" అన్నాడు వినోద్ మెల్లగా.

"వద్దు."

ఆ లిస్టులోంచి కూడా ఆమెను తీసెయ్యడం నా వల్ల కాలేదు. ఫోను ఆపేసి, సిమ్ము తీసి, బీరువాలో ఆమె చీరల కింద పెట్టాను.

నెల తిరిగాక, నిమ్‌పురాలో ఉండే దాలమ్మ అనే పెద్దావిడ షాపుకొచ్చింది.

"బేటరీలో నీలు పొయ్యమని మీ ఆడమనిసి సెప్పినాది బాబూ. పోసినాను, బాగయిపోనాది. ఆయమ్మికి ఏటి, ఆయాసమా? మాటమాటకీ రొప్పుతన్నాది."

"ఎవరి సంగతమ్మా?"

"ఏటి ఎవరంటావు? నిన్న ఫోన్లో మాటాడినాను గదా. 'మా ఆయన బయల్దేరినారా' అని నన్నడిగినాది. నాకేటి తెలుస్తాది?"

ఆమె వెళ్ళగానే వినోద్‌ని పిలిపించాను. నిన్నటి కాల్ ఉంది. రెండో నంబరు. ఎత్తారు. నాలుగు నిమిషాలు. అలాంటివి ఆ నెలలో ఇంకా తొమ్మిది ఉన్నాయి. రికార్డు పెట్టాడు. దాలమ్మ గొంతు ఒక్కటే వినపడింది. ఆమె ఆగిన చోటల్లా... వాన చప్పుడు. నిన్న ఖరగ్‌పూర్‌లో చినుకు పడలేదు.

"ఆపేద్దామన్నా," అన్నాడు వినోద్.

"రేపు," అన్నాను.

ఆ సాయంత్రం నిజంగానే వాన పట్టుకుంది. షట్టరు సగం దించి, షాపులో ఉన్న ల్యాండ్‌లైన్ నుంచి మా 1800 నంబరుకి చేశాను. బల్ల మీద నా సెల్లు మోగింది. నేను ఎత్తితే కాల్ ఆమె దాకా వెళ్ళదు. ఎత్తకూడదు. ఇరవై సెకన్లు, చేతులు ఒళ్ళో పెట్టుకుని దాని వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు చేసిన పనే మళ్ళీ చేశాను.

సెల్లు ఆగింది.

అవతల ఎక్కడో మోగింది. ఒకసారి... రెండుసార్లు...

ఎత్తారు.

పప్పు మాడిన వాసన. రిసీవరులోంచే.

"చెప్పండి..." గుసగుస. ఊపిరి తీసినప్పుడల్లా పిల్లికూతలు.

"స్వర్ణా... నేను."

"మీ పేరండీ?"

"ఉమాశంకర్‌ని. స్వర్ణా, నేనే."

"ఆయన... షాపులో ఉన్నారండి. ఫోను ఎత్తట్లేదు. పాపం, పనిలో ఉండుంటారు..."

ఒక్క మాట తిట్టినా నాకు అంత ఏడుపు వచ్చేది కాదు.

"మీరు కాస్త చెప్తారా... ఆయన్ని రమ్మని? తలుపు... గడియ వేసుంది. ఆయనొస్తే తీస్తాను."

"వస్తున్నా. ఇప్పుడే వస్తున్నా," అన్నాను.

రిసీవరు పెట్టేసి, షట్టరు కూడా దించకుండా, వానలో పరిగెత్తాను. ఇల్లు ఖాళీగా ఉంది. అన్ని తలుపులూ బార్లా తీసి, వంటింటి గడప దగ్గర కూర్చున్నాను. పిలిచాను. తెల్లారేదాకా పిలుస్తూనే ఉన్నాను. ఎవరూ రాలేదు.

పొద్దున్నే వినోద్ వచ్చాడు. స్వర్ణ నంబరు తీసేముందు ఒక్కసారి నిన్నటి రికార్డు వింటానన్నాను.

నేను మాట్లాడింది రెండు నిమిషాలు కూడా ఉండదు. కాల్ పదకొండు నిమిషాలుంది.

నా గొంతు ఒక్కటే వినపడింది. మధ్యమధ్య వాన. "ఇప్పుడే వస్తున్నా" అన్నాను. రిసీవరు పెట్టేసిన టక్కు. ఆ తర్వాత కూడా రికార్డు నడుస్తూనే ఉంది. వాన... ఉట్టి వాన... తొమ్మిదో నిమిషంలో ఎవరో తలుపు తట్టారు.

"స్వర్ణా, వచ్చాను. తియ్యి."

నా గొంతు. నేను ఆ మాట అనలేదు. ఆ తలుపు తట్టలేదు. ఆ వేళకి నేనింకా దారిలోనే ఉన్నాను.

వినోద్ నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆత్రంగా అడుగుల చప్పుడు. గడియ తీసిన చప్పుడు. తర్వాత, ఆ రికార్డులన్నిటిలో మొట్టమొదటిసారి, స్వర్ణ గొంతు స్పష్టంగా వినపడింది.

"మీరు... మీరు ఆయన కాదే..."