ఎనిమిది వేల చుట్లు

గిటార్లు బాగుచేసే మేస్త్రి మెట్లెక్కి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. డిటెక్టివ్ మోకాళ్లకు తైలం రాసుకుంటున్నాడు. అరవై దాటాక దొంగల్ని పట్టుకోవడం కన్నా మెట్లు దిగడమే పెద్ద కేసయిపోయిందని ఆయన బాధ.

"నన్ను దొంగంటున్నారండీ," అన్నాడు మేస్త్రి కూర్చోకుండానే. "ఇన్నేళ్లలో ఎవరిదీ ఒక్క స్క్రూ కూడా నొక్కెయ్యలేదు. ఐదింటికల్లా తేలకపోతే ఆవిడ పోలీసుల దగ్గరికెళ్తానంది. ఇంక నా కొట్టు గడప ఎవరు తొక్కుతారు?"

డిటెక్టివ్‌కు అసిస్టెంటూ మేనకోడలూ ఒక్కరే. ఆమె నిండుగా పోసిచ్చిన టీని మేస్త్రి ముట్టుకోనైనా లేదు. జరిగింది మాత్రం చెప్పాడు. ఆవిడ ఒక గాయని. చనిపోయిన తండ్రి నలభై ఏళ్లు వాయించిన ఎలక్ట్రిక్ గిటార్, నాబ్ తిప్పితే గరగరమంటోందని రిపేరుకిచ్చింది. నిన్న ఇంటికి తీసుకెళ్లి వాయించి, అది నాన్న గిటారే కాదని తిరిగొచ్చింది.

"కొట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, మా అక్కా, మా అల్లుడూ. రంగులు అల్లుడు వేస్తాడు. పికప్‌లకు వైరు చుట్టేది అక్క."

పికప్ అంటే తీగల కింద ఉండే చిన్న డబ్బీ. ఎలక్ట్రిక్ గిటార్‌కు గొంతు అదే.

కొట్టు పక్కవీధిలోనే. గాయని గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అల్లుడు గోడకు ఆనుకుని గోళ్లు కొరుకుతున్నాడు.

"పాత గిటార్లు కొనేవాడెవడో దీన్ని అడిగాడట కదా?" అంది మేనకోడలు మేస్త్రితో.

"అడిగాడండీ, అమ్మరని చెప్పాను. అడిగినంత మాత్రాన దొంగనైపోతానా?"

"చూడ్డానికి ఇది నాన్నదే," అంది గాయని. "గీతలూ సొట్టలూ అన్నీ అవే. కానీ గొంతు వేరే. నాన్న పోయాక నాకు మిగిలింది ఆ గొంతొక్కటేనండీ."

పైనున్న ప్లాస్టిక్ పలక విప్పమన్నాడు డిటెక్టివ్. మేస్త్రి స్క్రూడ్రైవర్ అందుకోబోతే, "నువ్వుండరా, నేను తీస్తా," అని అక్క లాక్కుంది. ఆమె బల్ల మీద వైరు కండెలు సైజులవారీగా బారులు తీరి ఉన్నాయి.

"మావయ్యా, పలక కింద రంగు తెల్లగా ఉందేంటి?" అంది మేనకోడలు.

"ఎండ తగల్లేదు కదమ్మా. పైనంతా మీగడరంగుకి తిరిగింది. ఇన్నేళ్ల ఎండని ఎవరు తెచ్చి అద్దుతారు?"

అల్లుడు గోళ్లు వదిలేశాడు. డిటెక్టివ్ పికప్‌ను కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాడు. అడుగున పెన్సిల్‌తో గీసిన చుక్కగుర్తు వెలిసిపోయి ఉంది. అంచు మీద గీత ఒకటి కొత్తగా మెరుస్తోంది. లోపలి రాగి వైరు కూడా తళతళలాడుతూ, దువ్విన జుట్టులా వరసగా ఉంది.

"అందరూ కూర్చోండి. నాకైతే నిలబడే ఓపిక లేదు," అన్నాడాయన. "దొంగతనం జరగలేదు. గిటారూ మారలేదు. మారింది ఈ వైరొక్కటే. డబ్బీ పాతది, వైరు కొత్తది. ఇంత పొందిగ్గా చుట్టే చెయ్యి ఈ కొట్లో ఒక్కటే ఉంది."

అక్క తలెత్తింది. "పాతది తెగిందండీ. నేనే తెంపాను."

"మీరు కాదమ్మా. మీ చేతిలో స్క్రూడ్రైవర్ జారదు, ఇందాకే చూశాను. ఈ గీత జారిన గీత. మేస్త్రీ, మా ఇంట్లో టీ ఎందుకు తాగలేదు? చెయ్యి చాపండి."

మేస్త్రి చాపాడు. వేళ్లు గడగడ వణుకుతున్నాయి.

"తెగిందా?" అన్నాడు అక్కవైపు తిరిగి. "నాకు చెప్పలేదే?"

"చెప్తే ఆరోజే పని మానేసేవాడివి. పని మానేస్తే నువ్వు బతుకుతావుట్రా?" ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఇచ్చేముందు వాయించి చూస్తే పలకలేదు. గుట్టుగా కొత్తది చుట్టేశాను. నిన్ను దొంగంటారని కల్లో కూడా అనుకోలేదురా. ఐదింటికి నేనే చెప్పేద్దామనుకున్నా."

"పోనీలెండి," అంది గాయని కోపం చల్లారి. "పాతలాగే మళ్లీ చుట్టండి."

"అదీ నేను చుట్టిందేనమ్మా. గిటార్ల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో. ఆ చుక్కగుర్తు నాదే. అప్పుడు చెయ్యి కుదిరేది కాదు, వైరు అడ్డదిడ్డంగా పడేది. సూపర్‌వైజర్ తిట్టని రోజు లేదు. ఆ వంకర చుట్లకే అంత గాలాడే గొంతు వచ్చింది. రెండ్రోజులు ప్రయత్నించాను. వంకరగా చుడదామన్నా చెయ్యి వినట్లేదు. నా పద్దెనిమిదేళ్ల చెయ్యి ఇప్పుడెక్కణ్ణుంచి తేను?"

డిటెక్టివ్ మేస్త్రి చేతినే చూస్తున్నాడు.

"కుదురులేని చెయ్యి ఒకటి ఇక్కడే ఉందిగా," అన్నాడు.

అక్క పికప్ చుట్టే మిషన్ తిప్పింది. మేస్త్రి వైరు పట్టుకున్నాడు. మొదట సిగ్గుతో బిగపట్టాడు కానీ, కాసేపటికి వేళ్లను వాటి ఇష్టానికి వదిలేశాడు. వైరు అటూ ఇటూ ఎగుడుదిగుడుగా పడుతూ పోయింది. ఎనిమిది వేల చుట్లు అయ్యేసరికి ఐదు దాటింది. పోలీసుల మాట ఎవరికీ గుర్తు లేదు.

పికప్ బిగించిచ్చాక గాయని ఒక్క తీగ మీటింది. మళ్లీ మీటింది. "నాన్నా," అని గిటార్ మీదికి వంగిపోయింది.

మేనకోడలు మావయ్య వైపు గర్వంగా చూసింది. ఆయన మోకాళ్లు పట్టుకుని లేవబోతుంటే అల్లుడు టీలు తెచ్చాడు. మేస్త్రి తన గ్లాసును రెండు చేతులతో ఎత్తి, అందరి ముందే తాగాడు. కొంచెం చొక్కా మీద ఒలికింది.