సత్తార్ గొంతు దాచిన డబ్బా

గురజాలలో ఎండాకాలం మధ్యాహ్నాలు తలుపులు బిగించుకున్న ఇంట్లో కన్ను పొడుచుకున్నా కానరాదు. కిటికీలకు తడిపి కట్టిన గోనెపట్టాల పచ్చివాసన, బయట ఆరబోసిన మిరపకాయల ఘాటు కలిసి గొంతులో కూర్చుంటాయి. ఆ చీకట్లో అబిదా ఇద్దత్‌లో కూర్చుని ముప్పై ఎనిమిది రోజులైంది. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగాడి కంటపడకూడదు. ఆమెకు అదేం కష్టమనిపించలేదు. సత్తార్ ఉన్నప్పుడైనా ఆమె వీధి మొహం చూసింది తక్కువే.

ఆమెకు మిగిలిందల్లా అలమరాలో ఉన్న నల్ల డబ్బా. అరచేతిలో పట్టేంత. తీగ అక్కర్లేకుండా ఫోన్‌కి నెట్టు ఇస్తుంది, లోపలి కార్డులో పాటలూ ఫోటోలూ దాస్తుంది. ఫోన్ నిండిపోయిందని కూతురు జెబా, అబ్బా పంపిన పదకొండు వాయిస్ మెసేజీలను డబ్బాలోకి మార్చి, ఫోన్లో తీసేసింది. సత్తార్ గొంతు ఇప్పుడు లోకంలో ఇంకెక్కడా లేదు.

“ఏమే, గోంగూరా, చుక్కకూరా? తొందరగా చెప్పు, ఈ కూరలాయన కసురుతున్నాడు.”

“గోంగూరేనయ్యా,” అని ఆమె రోజూ చీకట్లో జవాబు చెప్పేది. పదకొండు మెసేజీలకీ చెప్పేది.

డబ్బా పాస్‌వర్డు కంపెనీవాళ్ళు పెట్టిందే. ఒకటి నుంచి ఎనిమిది దాకా, వరసగా. సత్తార్ తన ఆటో షెడ్డుకు వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు. “మార్చు అబ్బా, ఎవరైనా లోపలికొచ్చి మనయి చూస్తారు, తీసేస్తారు,” అని జెబా మొత్తుకునేది. “చూడనీవే. మీ అమ్మీ ఫోటో చూసి వాడే పారిపోతాడు,” అని పడీపడీ నవ్వేవాడు.

ఎన్ని ఫోన్లు డబ్బాలోకి వస్తే దాని చిన్న అద్దంలో అంత అంకె వెలుగుతుంది. ఇద్దత్‌లో కూర్చున్న మూడో వారం పదకొండు మెసేజీలు తొమ్మిదయ్యాయి. తర్వాత ఆరు. గోంగూర మెసేజీ పోయిన రోజు అబిదా అన్నం ముట్టలేదు.

ఆదివారం జెబా నరసరావుపేట నుంచి వచ్చి పాస్‌వర్డు మార్చింది. కొత్తది తల్లి చెవిలో చెప్పింది. “నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు అమ్మీ.”

గంటలోపే పక్కింటి సుబ్బరత్నమ్మ వచ్చింది. “ఏంది వదినా, నా సీరియల్ సగంలో ఆగిపోయింది! ఆ కోడలు చచ్చిందో బతికిందో!” అబిదాకి నవ్వొచ్చింది. అంకె ఒకటి. తన ఫోన్ ఒక్కటే. ఆరు మెసేజీలూ భద్రం.

మంగళవారం పన్నెండింటికి కరెంటు పోయింది. కాసేపటికి ఫోనూ చచ్చిపోయింది. డబ్బాకి సొంత బ్యాటరీ ఉంది. అంకె సున్నా.

ఫ్యాన్ లేదు. వీధిలో ఆటో చప్పుడు కూడా లేదు. గోనెపట్టా నుంచి నీటిచుక్క పడుతోంది... కాసేపాగి ఇంకోటి...

సున్నా ఒకటైంది.

అబిదా చేతిలోని ఫోన్ వంక చూసింది. చచ్చే ఉంది. మళ్ళీ డబ్బా వంక చూసింది. ఒకటి. లేచి దాన్ని ఆపాలనుకుంది. కానీ కరెంటు వచ్చేదాకా ఆ అంకెనే చూస్తూ కూర్చుంది.

మూడింటికి కరెంటొచ్చింది. ఫోన్ వెలగగానే డబ్బా తెరిచింది. ఆరూ లేవు. ఒక్కటీ లేదు. వాటి చోట కొత్తది ఒకటుంది. దాన్ని నొక్కింది.

“గోంగూరేనయ్యా... ఆఁ, తిన్నాను... జాగ్రత్తగా రా...”

తన గొంతే. ఇన్నాళ్ళూ చీకట్లో ఇచ్చిన జవాబులన్నీ, వరసగా. ఆ డబ్బాకి వినే చెవి లేదని జెబానే చెప్పింది.

ఆ క్షణమే జెబాకి ఫోన్ చేసింది. “బేటీ, పాస్‌వర్డు ఎవరికైనా చెప్పావా?”

“నీకే చెప్పా అమ్మీ. ఒంటిగంటకు నువ్వే కదా ఫోన్ చేశావు, మర్చిపోయానని?”

“ఒంటిగంటకు నా ఫోను...”

తలుపు చప్పుడైంది. మెల్లగా, రెండుసార్లు. తర్వాత పొడిదగ్గు. ముప్పై ఏళ్ళు పక్కనే విన్న దగ్గు.

“ఏమే, వచ్చేశా. గడియ తీయి.”

పరాయి మగాడైతే తీయకూడదు. మొగుడైతే తీయాలి. ఎవరని అడగడానికి నోరు తెరిచింది. గొంతు రాలేదు. గాలి కూడా రాలేదు.

“వస్తన్నానయ్యా, ఆగు,” అని వినపడింది.

అది అబిదా గొంతే. తలుపు అవతల నుంచి వచ్చింది.

“ఎవరొచ్చారు అమ్మీ?” అంది ఫోన్లో జెబా. అబిదా పెదాలు కొట్టుకుంటున్నాయి. జెబా కాసేపు ఆగింది, ఎవరో చెప్పేది వింటున్నట్టు. “ఆఁ... ఆఁ... సరే అమ్మీ, అయితే నువ్వు తలుపు తీసి మాట్లాడు. రాత్రికి చేస్తా.”

ఫోను పెట్టేసింది.

గడియ చల్లగా తగిలింది. తన చెయ్యి దాని మీదికి ఎప్పుడు వెళ్ళిందో అబిదాకి తెలియదు.