యాభై రెండో నిమిషం

ప్రభుత్వ మందుల ల్యాబ్‌లో సీనియర్ ఎనలిస్టు లిఫ్టు గుంటలో శవమై దొరికిన మూడో రోజు ఉదయం, సీక్రెట్ సర్వీసు నిపుణులు నలుగురు ఆయన మేజోడులో దొరికిన కాగితం చుట్టూ చేరి కొండలు వెతుకుతున్నారు.

కాగితం మీద ఉన్నది ఒకే గీత. చాలాదూరం చదునుగా సాగి, పెద్ద గుట్టలా లేచి దిగి, మళ్లీ చదునై, చివర్లో చిన్న బొడిపెలా లేచింది. ఆ బొడిపె చుట్టూ ఎర్రసిరాతో సున్నా. పక్కన 52 అన్న అంకె.

"సరిహద్దు కొండల వరస. యాభై రెండో ఔట్‌పోస్టు," అన్నాడు మ్యాపుల నిపుణుడు. రెండు రోజులు తిండి మానేసి తేల్చిన సంగతి అది.

ఏజెంట్ చేదు గుమ్మంలో నిలబడే కాగితం చూశాడు. చేదు అన్నది నోటి తీరును బట్టి పై అధికారులు పెట్టిన కోడ్‌నేమ్. అసలు పేరు ఆఫీసులో ఒక్కరికీ తెలియదు.

"కొండలు కావు సార్, క్రొమటోగ్రామ్. మందును పరీక్షించే మెషిన్ గీసిన గీత. నేను కెమిస్ట్రీ చదివానని నా ఫైల్లోనే ఉంది. ఎవరైనా విప్పి చూసుంటే రెండు రోజులు మిగిలేవి."

చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన నిపుణుల్ని బయటికి పంపించి తలుపు వేశాడు. "నాకర్థమయ్యేలా చెప్పు."

"హెపారిన్ అని, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. పొడవాటి చక్కెర గొలుసులే అది. దాన్ని కాలమ్ అనే సన్నటి స్టీలు గొట్టంలోకి ఎక్కించి, ఉప్పునీళ్లతో తోస్తారు. గొట్టంలో ఉన్న మెత్తటి పూసలు గొలుసుల్ని పట్టుకుంటాయి. ఉప్పు పెంచేకొద్దీ పట్టు తక్కువున్నవి ముందు ఊడి బయటికొస్తాయి. గట్టిగా పట్టుకున్నవి ఆఖర్న. ఆ పెద్ద గుట్ట అసలు మందు. ఆఖరి బొడిపె ఉంది చూశారా, అది కల్తీ. ఒంట్లోకెళ్తే నిమిషాల్లో బీపీ పడిపోతుంది."

"కానీ ఈ మందు టెస్టు పాసైందయ్యా."

"నలభై నిమిషాలకే రికార్డింగ్ ఆపేస్తే పాసవుతుంది. దొంగ యాభై రెండో నిమిషంలో వస్తాడు."

పెద్దాయన ల్యాబ్ ఫైలు విప్పాడు. ల్యాబ్‌లో క్వాలిటీ మేనేజర్ ఆరు నెలల కిందట టెస్టు నలభై నిమిషాలకు కుదించాడు. నిన్నటి నుంచి భార్యకు కూడా చెప్పకుండా మాయమయ్యాడు. ఈ మందు సీసాలు అరవై వేలు సాయంత్రం ఐదింటి విమానంలో సైనిక ఆస్పత్రులకు వెళ్తున్నాయి. చేతిలో తుపాకీ లేనివాళ్లని, మంచం మీద పడి ఉన్నవాళ్లని చంపి, ఈ దేశం మందులు విషమని లోకానికి చాటి, తర్వాత తమ మందులు తెచ్చి గుమ్మరించాలని ఒక విదేశీ ముఠా పథకం.

"యుద్ధం చేసే దమ్ము లేనివాళ్లు," అన్నాడు చేదు. "విమానం ఆపండి."

"మేజోడులో దొరికింది చాలదు, మంత్రిగారు కొత్త టెస్టు కాగితం అడుగుతారు. కాగితం తీసుకురా, ఆపిస్తా. నీకు తోడుగా ఏజెంట్ నెమలిని పంపిస్తున్నాను. తెలివైన పిల్ల."

"అందంగా ఉంటుందని విన్నాను. తెలివి సంగతి ఇప్పుడే వింటున్నాను."

టెక్నికల్ సెక్షన్ వాళ్లు బొత్తాం కెమెరా, మడమలో కత్తి దాచిన బూటు ఇచ్చారు. చేదు రెండింటినీ సొరుగులో పడేసి, సర్వీస్ ఇంజనీరు వేషంలో బయల్దేరాడు. అంతకు మించిన మారువేషం లేదు. నీలం చొక్కా, చేతిలో టూల్‌బాక్సు ఉంటే ఎవరూ మొహం చూడరు. ఎప్పటికి బాగవుతుందని మాత్రం అడుగుతారు.

ల్యాబ్ మూడో అంతస్తులో కిటికీ పక్కన రెండు మెషిన్లు ఉన్నాయి. ఒక్కోదాని నెత్తిన ఉప్పునీళ్ల సీసాలు, వాటిలోంచి సన్నటి గొట్టాలు. వాటి దగ్గర పనిచేస్తున్న ఎనలిస్టుకు యాభై ఏళ్లుంటాయి. తెల్లకోటు, తాడు కట్టి మెళ్లో వేసుకున్న కళ్లద్దాలు. ల్యాబంతా ఆమెను అక్కయ్య అంటుంది. చనిపోయినాయన ఆమె భర్తకు అన్న. ఈ పని నేర్పింది కూడా ఆయనే.

"మా బావగారు లిఫ్టెక్కరండీ. మోకాళ్లు పట్టేసినా మెట్లే ఎక్కేవారు, లిఫ్టంటే అంత భయం. అలాంటాయన లిఫ్టు గుంటలో పడ్డారంటే నమ్మమంటారా?"

"నమ్మొద్దు. ఆయన చూసిన మందు ఏమైనా మిగిలిందా?"

"ఫ్రిజ్‌లో వెనకాల దాచాను. ఒక్క ఇంజెక్షన్‌కి సరిపోతుంది. తప్పు జరిగితే ఇంకోటి లేదు. కాలమ్ సిద్ధం కావడానికే నాలుగవుతుంది."

"రెండు మెషిన్లూ నడపండి. మొదటిదాంట్లో మంచి మందు ఎక్కించి స్క్రీన్ వెలిగించి ఉంచండి. ఈ నమూనా రెండోదాంట్లో, స్క్రీన్ ఆర్పేసి."

"ఎవరి కోసం ఈ నాటకం?"

"ఎవరొస్తే వాళ్ల కోసం."

సరిగ్గా నాలుగింటికి ఆమె రెండు బటన్లు నొక్కింది. పది నిమిషాల తర్వాత సెంటు వాసన వచ్చింది, దాని వెనకాల నెమలి వచ్చింది.

"కాలమ్ వేడెక్కిందా?" కోడ్ ప్రశ్న.

"ముప్పై డిగ్రీలే." కోడ్ జవాబు.

తను నడిచొస్తుంటే గదిలోవాళ్లు చేస్తున్న పని మర్చిపోవాలన్నది ఆమె శిక్షణలో మొదటి పాఠం. చేదు స్పానర్ తుడుచుకుంటూ కూర్చున్నాడు. అక్కయ్య వైపు ఆమె చూడనే లేదు. తెల్లకోటు తగిలించిన కొయ్యను చూడాల్సిన పనేముంది?

స్క్రీన్ మీద పెద్ద గుట్ట లేచి దిగింది. నలభయ్యో నిమిషం దాటింది.

"శుభ్రంగా ఉంది. సంతకం పెట్టి పోదాం పద," అంది నెమలి.

"ఇంకా పన్నెండు నిమిషాలుంది."

"అనవసరం."

"నీకా, మీవాళ్లకా?"

నెమలి నిట్టూర్చి హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తీస్తే లోపల రంగు లేదు, తూటా ఉంది. రెండో చేత్తో మొదటి మెషిన్ ప్లగ్ పీకింది. స్క్రీన్ నల్లబడింది. కాలమ్ విప్పి నేలకేసి కొట్టింది.

"అయిపోయింది. ఐదింటి వరకు ఇలాగే కూర్చుందాం."

"ముసలాయన్ని తోసింది నువ్వేనా?"

"లిఫ్టు తలుపు నేను తెరిచాను. మిగతాది మేనేజర్ చూసుకున్నాడు. అరవై దాటినవాడు, ఇంకెన్నాళ్లు బతుకుతాడులే."

గోడ పక్కన అక్కయ్య పిడికిళ్లు బిగుసుకున్నాయి. చేదు కళ్లతోనే వద్దన్నాడు. నాలుగూ నలభై ఆరు. ఇంకో ఆరు నిమిషాలు ఈమెను మాటల్లో పెట్టాలి. అందుకు పొగడ్త అక్కర్లేదు, తిట్టు చాలు.

"మోకాళ్లు పనిచేయని మనిషి మీదికి ఇద్దరు. మంచాన పడ్డవాళ్ల మీదికి అరవై వేల సీసాలు. మీ ముఠా ఇంతవరకు నిలబడి ఉన్న మనిషినెవర్నయినా ఎదుర్కొందా?"

ఆమె మొహం ఎర్రబడింది. తను ఎన్ని దేశాల్లో పనిచేసిందో, ఎంతమంది జనరళ్లు తన చుట్టూ తిరిగారో చెప్పడం మొదలుపెట్టింది. చేదు ప్రతి జనరల్‌కీ ఆవలించాడు. ఆమె ఇంకో జనరల్‌ను ఎత్తుకుంది.

అక్కయ్య అడుగులో అడుగేసుకుంటూ వెళ్లి రెండో స్క్రీన్ వెలిగించింది.

"వచ్చింది," అంది నెమ్మదిగా. "యాభై రెండు పాయింట్ ఒకటి."

నెమలి గిరుక్కున తిరిగింది. చేదు స్పానర్ ఆమె మణికట్టు మీద పడింది. తూటా పోయి ఉప్పునీళ్ల సీసాను పగలగొట్టింది. ఎత్తు మడమల చెప్పులు తడి నేల మీద జారాయి. జనరళ్లను పడగొట్టిన మనిషి బల్ల కిందికి వెల్లకిలా పోయింది. చేదు ఆమె చేతులు కట్టేసేలోపు అక్కయ్య ప్రింటు తీసి ఫ్యాక్స్‌లో పెట్టేసింది. ఫ్యాక్స్ నిదానంగా కాగితాన్ని మింగింది. నాలుగూ యాభై ఏడయింది.

ఫోన్లో పెద్దాయన గొంతు. "కాగితం వచ్చింది. కానీ విమానం రన్‌వే మీదికెళ్లిపోయిందయ్యా."

"ఇంకా లేవలేదుగా. అడ్డంగా ఫైరింజన్ పెట్టించండి."

ఐదింటికి ముప్పై సెకన్లుండగా ఎర్రటి బండి అడ్డం రావడంతో విమానం బ్రేకులు కీచుమని ఆగింది. పెట్టెల మధ్య లోడింగ్ గుమస్తా వేషంలో ఒకడు నక్కి కూర్చున్నాడు. చెమటకు పెట్టుడు మీసం సగం ఊడి వేలాడుతోంది. క్వాలిటీ మేనేజర్. పోలీసులు అడక్కముందే ముఠాలో అందరి పేర్లూ చెప్పాడట.

నెమలిని తీసుకెళ్లాక అక్కయ్య తడి నేల తుడిచింది. బావగారి కుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు తీసి, కొంగుతో కళ్లొత్తుకుంది. తిట్టడానికి ఎదురుగా ఎవరూ లేకపోతే చేదుకు మాటలు రావు. టూల్‌బాక్సు సర్దుకున్నాడు.

"ఆగండి." ఆమె ఒక లావుపాటి రిజిస్టరు తెచ్చి ముందు పెట్టింది. "మెషిన్ రన్‌కి సాక్షి సంతకం కావాలి. పేరు రాయండి, పూర్తిగా. లేకపోతే ఈ టెస్టు కోర్టులో నిలబడదు."

"నా పేరు రాయడానికి లేదమ్మా. పద్నాలుగేళ్లుగా ఎక్కడా రాయలేదు."

"అరవై వేల సీసాలు ఆపి, ఇక్కడ ఖాళీ వదిలేసి పోతారా? మా బావగారు ఒప్పుకోరు."

చేదు పెన్ను తీసుకుని రాశాడు. పద్నాలుగేళ్లు మూడు దేశాల గూఢచారులు వెతికి పట్టుకోలేకపోయిన పేరు.

అక్కయ్య కళ్లద్దాలు పెట్టుకుని చదివింది.

"చేతిరాత మార్చుకోండి," అంది. "ఎవరికర్థమవుతుందిది?"