వాగు దగ్గర ఎత్తిన చెయ్యి

సాన్ లాసారోలో చీకటి పడ్డాక ఆ ఎండిపోయిన వాగు వైపు బండి తిప్పేవాళ్ళు లేరు. తిప్పితే ఇంజను ఆగిపోతుందని పేరు. ఆగిన చోటే, దారి పక్కన ముళ్ళపొదల్లో… పొట్టిగా, తెల్లగా మెరుస్తూ ఒకటి నిలబడి ఉంటుందట. తల గుమ్మడికాయంత. ముఖం ఉండదు. చెయ్యి పైకెత్తి నాలుగంటే నాలుగే వేళ్ళు చూపిస్తుంది — చూసినవాళ్ళ మాట ఇది. చూసినవాడెవడూ సరిగ్గా చూడ్డానికి ఆగలేదనుకోండి.

రెండో ప్రపంచ యుద్ధమయ్యాక కొన్నేళ్ళకి ఆ వాగులో ఆకాశంలోంచి ఏదో పడింది. ఎగిరే పళ్ళెం అన్నారు. సైనికులు వచ్చి దారి మూశారు, నేలంతా ఊడ్చి మరీ ఎత్తుకుపోయారు. ఏమీ పడలేదన్నారు మొదట. తర్వాత వాతావరణం చూసే బెలూన్ అన్నారు. ఆ తర్వాత అసలు నోరే విప్పలేదు. ఇహ మావాళ్ళు ఊరుకుంటారా, పెట్రోలు బంకు నిండా ఆకుపచ్చ బొమ్మలే, టోపీలే, తాళంచెవుల గొలుసులే. నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, అలాంటి బొమ్మ ఒకటి దోమితిలా కూడా కొంది. మనవరాలికని.

దోమితిలాకి అప్పటికి డెబ్భై దాటాయి. భర్త పోయాడు, గొర్రెలు అమ్మేసింది, తలుపు సరిగా పడని పాత పికప్ ట్రక్కొకటి మిగిలింది. ఉత్తరం రోడ్డు మలుపులో ఆమె తమ్ముడు నికనోర్ శిలువ ఉంది. మా వైపు మనిషిని పాతిపెట్టిన చోట ఒక శిలువ, ప్రాణం పోయిన చోట ఇంకొకటి. రెండోదే ముఖ్యం. అది లేకపోతే, తప్పు చోట ఉంటే, పోయినవాడికి దారి దొరకదు, పోయిన చోటే పట్టుకుని తిరుగుతుంటాడు. నికనోర్ జీపు బోల్తాపడి పోయాడని విమాన స్థావరం వాళ్ళు చెప్పిన మలుపు అది. శవపెట్టెకి మేకులు కొట్టి పంపారు, తెరవొద్దన్నారు. వాళ్ళమ్మ తెరవలేదు. బతికినన్నాళ్ళూ ఆ మలుపులో కాగితం పూలు మార్చింది, ఆమె తర్వాత దోమితిలా మార్చింది.

ఆ శరత్కాలంలో వాగు దగ్గర పెద్ద బొమ్మ నిలబెడతామని బంకు ఓనరు బయల్దేరాడు. దానికి ముందురోజు సాయంత్రం చర్చి హాల్లో సభ. వెండల్ అని, ఇలాంటివన్నీ తవ్వి చూసే పరిశోధకుడు కాలిఫోర్నియా నుంచి వచ్చాడు. దోమితిలా వెనక బల్ల దగ్గర నిలబడి జనానికి పొసోలె, అదే మొక్కజొన్నలూ మాంసం వేసిన పులుసు, వడ్డిస్తోంది. అక్కడికి వచ్చిందే అందుకు.

వెండల్‌ని ఒక్కటి మెచ్చుకోవాలి, వచ్చినోళ్ళని ఊరికే ఊదరగొట్టలేదు.

"నలిపినా ముడత పడని రేకు దొరికిందంటారు. ఆ రేకు ఇప్పుడెవరి దగ్గరా లేదు కాబట్టి వదిలేద్దాం. సైనికులు దారి మూశారు. మూశారంటే ఏదో పడిందని అర్థం, ఏం పడిందో తెలీదు. ప్రభుత్వం మాట మార్చింది. అంటే అబద్ధమాడిందని రుజువైంది, ఏం దాచిందో రుజువు కాలేదు. ఇవన్నీ తీసేస్తే నా దగ్గర మిగిలేది కళ్ళారా చూసిన మనిషొకడే." అని కసిమీరోని వేదిక మీదికి పిలిచాడు.

కసిమీరో ఆ వాగు పక్క భూమి ఆసామి. ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో, నిద్రలో లేపినా చెప్తాడు. "పొట్టిగా ఉంది. ఒళ్ళంతా వెండి. తల ఇంత, నున్నగా. కుడిచేతి తొడుగు ఊడిపోయింది. ఆ చెయ్యి పైకెత్తింది… నాలుగు వేళ్ళు."

 ఎంత విన్నా అక్కడికొచ్చేసరికి జనం ఊపిరి బిగబట్టేస్తారు.

గరిటె చేతిలో పట్టుకునే దోమితిలా అడిగింది. "లేనిది ఏ వేలు?"

కసిమీరో తలెత్తి చూశాడు. అడిగింది ఎవరో చూశాక అతని మొహంలో రంగు పోయింది. అది వెండల్ గమనించలేదు, "మంచి ప్రశ్న, చెప్పండి చెప్పండి" అంటున్నాడు.

"బొటనవేలు" అన్నాడు కసిమీరో, చాలా నెమ్మదిగా.

"బొటనవేలే లేని జాతి" అని వెండల్ సంబరపడిపోయాడు. "కల్పించేవాడెవడూ ఇది కల్పించడు."

దోమితిలా గరిటె పొసోలె గిన్నెలో వదిలేసి బయటికి నడిచింది.

సాన్ లాసారో పండగనాడు పోటీలో, గుర్రం మీంచి కోడెకి ఉచ్చు వేసి, తాడు జీను ముందుండే కొమ్ముకి చుట్టబోతే మధ్యలో నికనోర్ బొటనవేలు ఇరుక్కుంది. కోడె ఒక్క గుంజు గుంజింది, వేలు తెగి దుమ్ములో పడింది. ఇంకో గుర్రం మీద ఉన్న జోడీ ఎవడో కాదు, కసిమీరోనే. కట్టు కట్టించుకుంటూ కూడా నవ్వాడు నికనోర్. రోడ్డు పక్కన నిలబడి బొటనవేలు చూపిస్తే బండ్లు ఆగే రోజులవి. "ఇహ నన్నెవడు ఎక్కించుకుంటాడక్కా, ఎక్కడికెళ్ళినా నువ్వే వచ్చి తెచ్చుకోవాలి" అన్నాడు. తర్వాత స్థావరంలో కూలిపని దొరికింది, పెద్ద పెద్ద బెలూన్లకి తాళ్ళు కట్టే పని. ఆఖరిసారి ఇంటికొచ్చినప్పుడు మురిసిపోతూ చెప్పాడు: "నాకు వెండిబట్టలు కుడుతున్నారక్కా. బెలూన్‌కి కట్టి కోతుల్ని పైకి పంపే డబ్బాలో పట్టేంత పొట్టోణ్ణి అక్కడ నేనొక్కణ్ణే." ఊరికే కోస్తున్నాడనుకుంది. పొట్టివాడు, వెండిబట్టలు, గుండ్రటి శిరస్త్రాణం, బొటనవేలు లేని కుడిచెయ్యి… ఇన్నేళ్ళూ ఊరు ఊరంతా కళ్ళముందు పెట్టి చెప్తుంటే వినపడలేదు ఆమెకి.

కసిమీరో వెనకే వచ్చాడు. ట్రక్కుల మధ్య చీకట్లో నిలబడ్డాడు, టోపీ చేత్తో పట్టుకుని.

"అక్కా…"

"బతికున్నాడా?"

అతను టోపీ అంచు నలిపాడు.

"ఒరేయ్, నిన్నే. చెయ్యెత్తినప్పుడు బతికున్నాడా లేదా?"

"ఉన్నాడక్కా."

"నువ్వేం చేశావు?"

"మొదట భయమేసింది. ఆ తల చూసి… తర్వాత చెయ్యి చూశాక తెలిసింది. తెలిసీ ట్రక్కు దిగలేదు. అద్దమైనా దించలేదు. వాడక్కడే కూలిపోయాడు, ఈలోగా సైనికులొచ్చేశారు. నోరు విప్పితే మేత భూమి లాగేసుకుంటామన్నారు."

"అది అప్పుడు. తర్వాత, ఊరూరా తిరిగి దేవుడి కథలా చెప్పావే, అప్పుడూ లాగేసుకుంటామన్నారా?"

"మనిషి గురించి ఎవరూ అడగలేదక్కా" అన్నాడు. "వచ్చినవాళ్ళందరూ అడిగింది దాని గురించే."

చెంప పగలగొట్టాలనిపించిందట. ముసలివాడి మెడ నరాలు వణుకుతుంటే చూసి మానుకుంది. "మా అమ్మ బండరాళ్ళకి పూలు పెట్టి చచ్చిపోయిందిరా" అంది. "వాణ్ణి తాళ్ళు కట్టమని పిలిచి, కోతికి బదులు డబ్బాలో కూర్చోబెట్టారు వాళ్ళు. పడితే ఊడ్చేసి, జీపని చెప్పారు. నువ్వేమో పురుగుని చేశావు వాణ్ణి. వాడు పోయిన చోటు చెప్పు."

"గాలిమర దాటాక ఎర్రబండ కింద. రేపు పొద్దున్నే అక్కడ కాంక్రీటు పోస్తారు. కానీ రాత్రిపూట వద్దక్కా. నేనసలు రాను."

"నిన్నెవడు రమ్మన్నాడు?"

దోమితిలా ముందు ఉత్తరం రోడ్డు మలుపుకి వెళ్ళింది. శిలువని అటూ ఇటూ ఊపి పెకలించి ట్రక్కులో వేసుకుంది. ఆ ట్రక్కు అవతలి తలుపుతో పెద్ద చావు. బయటినుంచి ఎంత నెట్టినా పడదు, లోపల కూర్చున్నవాళ్ళు రెండు చేతులా పట్టి లాగి వేసుకోవాల్సిందే. ఒక్కతే ఉన్నప్పుడు తాడుతో కట్టేసి తిరుగుతుంది.

వాగులోకి దిగీ దిగగానే ఇంజను ఆగిపోయింది.

"నీకూ ఇప్పుడే వచ్చిందీ" అని ట్రక్కుని తిట్టింది. పాత బండి, చలికి ఆగిందనుకుంది. పార ఒక చేత్తో, శిలువ భుజాన వేసుకుని నడిచింది. గాలిమర రెక్క ఒకటి కిర్రు… కిర్రుమంటోంది. ఎర్రబండ నీడలోకి వెళ్ళి టార్చి వేసింది.

అక్కడ నిలబడి ఉంది.

తెల్లగా. తల ఇంత. కళ్ళు లేవు… చెయ్యి పైకి.

పారిపోయే ఓపిక లేదో, భయపడే ఓపిక లేదో, పార రెండు చేతులా ఎత్తి ఒక్కటిచ్చింది. టప్‌మని ప్లాస్టిక్ పగిలింది. పొద్దున నిలబెట్టబోయే బొమ్మ. మెరిసే కాగితం చుట్టి ముందే తెచ్చి పెట్టారు వెధవలు.

"ఎవడివిరా నువ్వు, నా తమ్ముడి చోట నిలబడ్డానికి" అని ఇంకోటి వేసింది. తల ఊడి దొర్లిపోయేదాకా ఆపలేదు. చేతులు బొబ్బలెక్కాయి. తర్వాత గుంట తవ్వి, శిలువ నిలబెట్టి, చుట్టూ రాళ్ళు పేర్చింది. ప్రార్థన చదవబోతే నోటికి బూతులే వచ్చాయట. సరే, దేవుడికి ఆ మాత్రం అర్థం కాదా అని అవే చదివేసింది.

తిరిగొచ్చి ట్రక్కు ఎక్కి తాళం తిప్పింది. లేదు. మళ్ళీ తిప్పింది… లేదు. దీపాలు మాత్రం వెలిగాయి, పచ్చగా, నీరసంగా.

ఆ వెలుతురు అంచున, దారి పక్కన, ఒకడు నిలబడి ఉన్నాడు.

బొమ్మైతే అక్కడ ఎర్రబండ కింద ముక్కలై పడుంది. ఇది బొమ్మ కాదు.

పొట్టిగా. వెండి మసకబారి. చెయ్యి పైకెత్తి… నాలుగు వేళ్ళు.

దోమితిలా కళ్ళు మూసుకోలేదు. ఆ చెయ్యే చూసింది. అది బెదిరించడం లేదు. లెక్కా చూపించడం లేదు. మోచెయ్యి ఒంటికి ఆనించి, పిడికిలి సగం ముడిచి, కొంచెం పక్కకి, కొంచెం కొంచెం ఊపుతూ… అలా చెయ్యెత్తి నిలబడేవాళ్ళని చిన్నప్పటినుంచీ ప్రతి రోడ్డు మీదా చూసిందామె. బొటనవేలు లేదంతే.

ఇన్నేళ్ళు. వచ్చిన ప్రతి బండినీ. ఇంటికి తీసుకెళ్ళమని.

ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తలుపు తాడు విప్పేసి, వంగి బయటికి తోసింది.

"ఎక్కరా" అంది.

గాలిమర ఆగిపోయింది. పొదలు కదల్లేదు. ఆమె రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి, ఇది మాత్రం ఎన్నిసార్లయినా ఒట్టేసి చెప్తుంది. ముందుకే చూస్తూ కూర్చుంది. దీపాల వెలుగులో ఇప్పుడెవరూ లేరు.

పక్క సీటు కిర్రుమంది.

తలుపు దడాలున పడింది. లోపలినుంచి లాగితే తప్ప పడని తలుపు.

తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. పక్కకి చూళ్ళేదామె. దారి పొడుగునా తిడుతూనే ఉంది — స్థావరాన్ని, కసిమీరోని, ఆ వెండిబట్టల్ని, ఒక్క మాట ఇంట్లో చెప్పకుండా ఆ డబ్బా ఎక్కినందుకు వాణ్ణి. "అమ్మ నీకోసం చూసీ చూసీ పోయిందిరా" అని అదొక్కటే పదిసార్లు అంది. ఇంటి ముందు ఆపి, "దిగు" అన్నప్పుడు మాత్రం తిట్లు ఆపేసిందట. తర్వాతేమైందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

శిలువ జోలికి ఎవరూ పోలేదు. పోతే ఆమె పార తీసుకొస్తుందని తెలుసు. వాగులో ఇప్పుడు ఇంజన్లు ఆగడం లేదు. బంకు ఓనరుకి బొమ్మలు అమ్ముడుపోక ఆమె మీద కోపం. వెండల్ ఏటా వస్తాడు, కెమెరాలు పెట్టుకుని తెల్లవార్లూ కాపలా కాసి, చలికి ముడుచుకుని ఉత్తచేతులతో పోతుంటాడు. నికనోర్ చెయ్యెత్తి నిలబడ్డన్నాళ్ళూ వాడికోసం ఒక్కడూ ఆగలేదు. ఇప్పుడెంతసేపు ఆగితే ఏం లాభం, అక్కడెవరూ లేరు.