సైరన్ కూస్తే గుడ్డు ముట్టొద్దు

చాయ్ గ్లాసు పెదవులకు తాకకముందే లింగమూర్తి గొంతులో తూటా దిగింది. గోదావరిఖని చౌరస్తాలో జనం చెల్లాచెదురయ్యారు. పిల్లల్లేని వాళ్లకు వైద్యం చేసే దవాఖానలో అతను అండంలోకి సూదితో బీజం ఎక్కించే ఎంబ్రియాలజిస్టు. చాయ్, నెత్తురు ఒకటై మోరీలోకి పారాయి.

పావుగంటలో సీక్రెట్ ఏజెంట్ భూపాల్ చెవిలోని రిసీవర్ పలికింది. అటువైపు చీఫ్ ఉమామహేశ్వర్.

"టార్గెట్ ఒక అండం. గని కార్మికుడి భార్య రమది. ఆమె వయసు నలభై ఒకటి. ఆ గుడ్డు క్వాలిటీ మాత్రం ఇరవై ఏళ్ల పిల్లది. దాన్ని ఎత్తుకుపోయి, కోసి చూసి వయసు మీద పడకుండా ఆపే మందు తయారు చేయాలని విదేశీ ముఠా ప్లాన్. నాయకుడు వోల్కర్. మనకు కబురు చేసినందుకే లింగమూర్తిని లేపేశారు."

"లోపల మనవాళ్లు?"

"మమత. మూడు నెలలుగా లింగమూర్తికి అసిస్టెంటు. కోడ్ గుర్తుందిగా?"

"ఉంది సార్."

మాసిన ఖాకీ చొక్కా, చేతిలో పిండాలను గడ్డకట్టించి దాచే లిక్విడ్ నైట్రోజన్ డబ్బా. సప్లై మనిషి వేషంలో భూపాల్ దవాఖానలో అడుగుపెట్టాడు. ల్యాబ్ బయట బల్ల మీద ఒకామె పొత్తికడుపు పట్టుకుని కూర్చుంది. రమ.

"జల్ది పో తమ్మీ. నా గుడ్డు లోపటనే ఉన్నది. పొద్దుగాల తీసిండ్రు. ఒక్కటే వచ్చింది."

"ఫికర్ చెయ్యకక్కా."

"ఎట్ల చెయ్యకుంట? గిదే ఆఖరుదన్నది డాక్టరమ్మ. బ్లాస్టింగు సైరన్ కూస్తే లోపటోళ్లు చేతులు తీసేస్తరట. అదురుకు సూది జారితే గుడ్డు పాయె. లింగమూర్తి సారు పెట్టిన రూలు."

"మా మందమర్రిల అవ్వ గూడ గంతే. సైరన్ ఇంటే ముందు పాలగిన్నె దించేది."

రమ నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది.

లోపల మమత మైక్రోస్కోపు ముందు ఉంది. మాస్కు పైన కాటుక కళ్లు. వాటిని ఒకసారి చూస్తే ఎవరైనా రెండోసారి చూస్తారు.

"బొగ్గు తడిసిందా?" అన్నాడు.

"పొయ్యికి తెలుస్తుంది," అంది కోడ్ ప్రకారం. "వోల్కర్ సాయంత్రం రైల్వే స్టేషన్‌కు వస్తాడు. అక్కడ కాపు కాయి. రమ గుడ్డులోకి ఇప్పుడే సూది దించుతున్నాను."

భూపాల్ తలుపు దాకా వెళ్లాడు. ఓపెన్‌కాస్ట్ గని సైరన్ కూసింది.

మమత చెయ్యి ఆగలేదు.

మూడు నెలలుగా రోజూ ఆ కూత వింటున్న మనిషి. అయినా ఆగలేదంటే, సూది కింద ఉన్నది పగిలినా నష్టం లేని గుడ్డు.

"రమ గుడ్డు ఏది మమతా?"

ఆమె తలెత్తలేదు. మోచేతి కిందనుంచి సైలెన్సర్ పిస్టల్ పేలింది. తూటా భూపాల్ భుజంలో దిగింది. పక్కగది తలుపు తన్నుకుని వోల్కర్ దూకాడు. చంకలో అండాన్ని వెచ్చగా ఉంచే ఫ్లాస్కంత ఇన్‌క్యుబేటర్, చేతిలో కత్తి.

భూపాల్ డబ్బా మూత పీకి, పొగలు కక్కుతున్న నైట్రోజన్‌ను కత్తి పట్టిన చేతి మీద కుమ్మరించాడు. వేళ్లు తెల్లబడి పిడికి అతుక్కున్నాయి. డబ్బాతో ఒక్కటి వేశాడు. రెండు వేళ్లు పుటుక్కున విరిగాయి. వోల్కర్ అరుపుకు అద్దాలు కదిలాయి.

మమత ఈసారి భూపాల్ కణతకు గురిపెట్టింది. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

గనిలో బ్లాస్టింగ్ జరిగింది. నేల అదిరింది. తూటా దారి తప్పి వోల్కర్ గుండెలో దిగింది. భూపాల్ డబ్బా విసిరాడు. దవడ పగిలి మమత గోడవారగా కూలింది.

వోల్కర్ చంకలోంచి ఇన్‌క్యుబేటర్ జారింది. భూపాల్ నేల మీదికి దూకాడు. అది జానెడు ఎత్తులో అతని అరచేతిలో పడింది. పచ్చలైటు ఇంకా వెలుగుతోంది.

రమకు వైద్యం చేస్తున్న డాక్టర్ రమామణి పరుగున వచ్చింది. నెత్తురు చూసింది, ఇన్‌క్యుబేటర్ అందుకుంది. పక్క ల్యాబ్‌లో దాన్ని దించి చేతులు కట్టుకుంది. అంతా అయిందని రెండో సైరన్ కూశాకే సూది పట్టింది.

భూపాల్‌ను స్ట్రెచర్ మీద బయటికి తెచ్చారు. రమ గోడ పట్టుకుని లేచింది. ఆమె చూపు అతని భుజం మీద పడలేదు.

"తమ్మీ, నా గుడ్డు మంచిగున్నదా?"

"నాకన్న మంచిగున్నదక్కా."